సర్కారు సాయమును గూర్చి మిత్రులు వాదించుకొనవలసిన తీరు



ఈ నెల పాఠము ఎరువును గూర్చినది గాదు, తెగులును గూర్చినదియు గాదు. ఇది మాటను గూర్చిన పాఠము. మాటవలన పంట చెడునా యని మీరడుగవచ్చును. చెడును. ఒక్క మాటవలన ఒక కౌలుదారుని సార్వా పంటలో కొంత భాగము వడ్డీక్రింద పోవుటను మేము కన్నులార చూచితిమి. సంఘపు అరుగుమీద పదిమంది కూడినప్పుడు ఒకరు దీనిని చదువగా తక్కినవారు విని, చివర నున్న ప్రశ్నలను తమలో తాము చర్చించుకొనవలయునని మా కోరిక.

1. జరిగిన సంగతి

2024వ సంవత్సరము సార్వా నాట్ల కాలమున, గోదావరి డెల్టాలోని ఒక గ్రామమున, సహకార సంఘపు వరండాలో కూర్చుండి మేము వరిలో జింకు లోపమును గూర్చి చెప్పుచుంటిమి. అచటికి ఇరువురు మిత్రులు వచ్చిరి. ఒకరు ఐదెకరముల మాగాణి గల ఆసామి. రెండవవారు మూడెకరములు కౌలునకు చేయువారు; తమ చేలో పని లేని దినములలో వారును, వారి భార్యయు కూలికి పోవుదురు. ఇరువురును ఒకే బడిలో చదివిరి. కులములు వేరైనను ఊరి వరుసనుబట్టి “బావా” యని పిలుచుకొందురు. ఏడేండ్లుగా కౌలుదారుని పంట ఋణపు కాగితముమీద ఆసామియే జామీను సంతకము చేయుచుండెను. ఆ దినమున కౌలుదారు ఆ కాగితమునే చేత బట్టుకొని వచ్చెను.

ఆసామికి ఆ ఉదయము నాట్లకు మనుష్యులు దొరకలేదు. నారు ముదురుచుండెను. ఆ చిరాకులో ఆయన యిట్లనెను: “బియ్యము ఊరక వచ్చె. పింఛను ఊరక వచ్చె. వేసవిలో చెరువుగట్టున నాలుగు తట్టల మన్ను గీకినను డబ్బు వచ్చె. ఇక బురదలో దిగువాడెవడు? జనులను సోమరిపోతులను జేసి పెట్టిరి.”

అచట నున్నవారు నవ్విరి. దాచనేల, మేమును నవ్వితిమి. కౌలుదారు మాత్రము నవ్వలేదు. “బావా, ఆ మన్ను గీకినది నా భార్య. నిరుడు నీ చేలో నాట్లు వేసినదియు ఆమెయే” యని చెప్పి, కాగితమును మడిచి జేబులో నుంచుకొని వెడలిపోయెను.

మరల అడుగుటకు ఆయన రాలేదు. పిలిచి సంతకము చేయుటకు ఈయనకు మనసొప్పలేదు. గడువు దాటెను. సకాలమున తీర్చినచో సంఘమున నూటికి ఏటికి 4 రూపాయల వడ్డీతో తెగవలసిన అప్పును, ఆయన ధాన్యపు వ్యాపారి యొద్ద నూటికి నెలకు 2 రూపాయల చొప్పున, అనగా ఏటికి 24 చొప్పున, తేవలసివచ్చెను. 50,000 రూపాయలపై ఆరు నెలలకు సంఘపు వడ్డీ 1000 రూపాయలు. వ్యాపారి వడ్డీ 6000. తేడా 5000 రూపాయలు. పంటయు ఆ వ్యాపారికే కొలువవలెనను షరతు వేరు. అటుపిమ్మట ఒకే బోదె నీటిని వాడుకొను ఆ యిరువురు వంతు మాటలు గూడ మూడవ మనిషిచేత చెప్పించుకొనుచుండిరి.

ప్రభుత్వ సాయము జనులను పరాధీనులను జేయునా, చేయదా యను వాదము తగనిదని మేమనము. అది అడుగదగిన ప్రశ్నయే. ఆ ప్రశ్నను ఆ దినమున అడిగిన తీరు మాత్రము ఎవరికిని మేలు చేయలేదు.

2. మొదట ఎవరి ఖాతా వారు విప్పవలెను

మరుసటి సంవత్సరము దాళ్వా కోతలైన పిమ్మట మేము ఇరువురిని సంఘపు గదికి రమ్మని వేరువేరుగ కోరితిమి. మేము చదువుకొన్న మిషను పాఠశాలలో శనివారముల చర్చాసభ జరుగుచుండెడిది. మా ఉపాధ్యాయులు అచట పెట్టిన రెండు నియమములను ఈ సభకును పెట్టితిమి. అందు మొదటిది: ఇతరులు పుచ్చుకొన్న సాయమును లెక్కించుటకు ముందు, తాను పుచ్చుకొన్న సాయమును చెప్పవలెను.

మా ఖాతాను మేమే ముందు విప్పితిమి. బడిలో మేము తిన్న అన్నము, చదివిన పుస్తకములు ఎవరో యెరుగని పుణ్యాత్ములు ఇచ్చినవి. ఇప్పుడు తిను జీతము సర్కారు సొమ్ము. ఆ అన్నము మమ్ము సోమరిని జేసెనా? చేయలేదని మా నమ్మకము. తీర్పు మాత్రము మీది.

పిమ్మట ఆసామి తన ఖాతా చెప్పెను. 2019లో ఏర్పడిన పి.ఎం. కిసాన్ పథకము క్రింద ఏటికి 2000 చొప్పున మూడు వాయిదాలు, మొత్తము 6000 రూపాయలు, ఆయన ఖాతాలో పడుచున్నవి. 45 కిలోల యూరియా బస్తాను 266 రూపాయల 50 పైసలకు కొనుచున్నారు; ఆ బస్తాకై కొనువాడు చెల్లించు ధరకన్న గవర్నమెంటు భరించు సొమ్మే ఎక్కువ. పంట ఋణమునకు 2006 నుండి ప్రభుత్వము వడ్డీలో కొంత భరించుచున్నది గనుకనే 7 రూపాయల వడ్డీయు, సకాలమున తీర్చినవానికి 4 రూపాయల వడ్డీయు సాధ్యమగుచున్నవి. ఆయన చేలోనికి వచ్చు నీరో? ధవళేశ్వరము వద్ద 1847 మొదలు 1852 వరకు ఆర్థరు కాటన్ దొర కట్టించిన ఆనకట్టవలన వచ్చినది. అదియు ప్రజల పన్నుల సొమ్మే. అంతకుముందు 1833 ప్రాంతమున వచ్చిన ఘోరమైన కరువులో ఈ జిల్లాలు ఎట్లు పాడైనవో పెద్దలు చెప్పుకొనుచుండెడివారు.

ఆసామి కొంతసేపు మిన్నకుండి, “ఇదంతయు సాయమని నేనెన్నడును అనుకొనలేదు. హక్కనుకొంటిని” అనెను.

కౌలుదారు నవ్వి, “నేనును నా బియ్యమును అట్లే అనుకొనుచున్నాను, బావా” అనెను.

కౌలుదారుని ఖాతాలో మనిషికి నెలకు 5 కిలోల రేషను బియ్యము గలవు. మన రాష్ట్రమున 1983లో కిలో 2 రూపాయలకు ఇచ్చుట ఆరంభమైన ఆ బియ్యము, 2013 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద వచ్చి, 2023 జనవరి నుండి వెల లేకుండ ఇయ్యబడుచున్నది. కరువు పని కూలి గలదు. యూరియా ఆయనకును అదే ధరకు వచ్చుచున్నది. పి.ఎం. కిసాన్ సొమ్ము మాత్రము లేదు. అది భూమి పట్టా గలవారికే గాని, దున్నువానికి గాదు. రెండు ఖాతాలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినప్పుడు, ఎవరు ఎక్కువ పుచ్చుకొనుచున్నారను ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఇరువురును తొందరపడలేదు.

3. ఎదుటివాని మాటను తిరిగి చెప్పవలెను

రెండవ నియమము: ఎదుటివాని వాదమును, అతడు “ఔను, నేననునది ఇదియే” యని ఒప్పుకొనునట్లు చెప్పిన తరువాతనే తన జవాబును చెప్పవలెను.

ఆసామి మొదటిసారి, “నీకు ఊరక వచ్చునది కావలెనందువు” అనెను. కౌలుదారు తల యడ్డముగ నూపెను. రెండవసారి ఆసామి యిట్లు చెప్పెను: “కౌలు ముందు కొలువవలెను. తుపాను వచ్చినను, రాకున్నను కొలువవలెను. ఇంట బియ్యమున్నచో పంట పోయిన యేడు పిల్లలు పస్తుండరు. వేసవిలో కరువు పని యున్నచో వ్యాపారి యొద్దకు చేయి చాచ నక్కరలేదు. అది లేనివాడు ఏ కూలికి రమ్మన్నను తల వంచవలసినదే. అదియే గదా నీ మాట?” కౌలుదారు, “అదియే” యనెను.

కౌలుదారు ఆసామి వాదమును ఇట్లు చెప్పెను: “నాట్లు పదిదినములలో ముగియవలెను. నారు ముదిరినచో పిలకలు తగ్గును. కూలి పెరిగినంతగా ధాన్యపు ధర పెరుగలేదు. ఐదెకరముల వానిని జనులు ధనికుడందురు గాని, వానికిని మిగులునది తక్కువ. అదిగాక, కష్టపడి అప్పు తీర్చినవానికన్న ఎగవేసినవానికే మేలు కలుగుట చూచి వాని మనసు విరిగినది. అదియే గదా?” ఆసామి కన్నులు చెమర్చుట మేము చూచితిమి. తన మనసులోని ఆ చివరి మాటను ఆయన వరండాలో అననే లేదు. మిత్రుడు గనుక కౌలుదారు దానిని గ్రహించెను.

4. లెక్కలు ఏమి చెప్పుచున్నవి

ఇరువురి వాదములును ఇట్లు తేటపడిన పిమ్మటనే మేము లెక్కలు తీసితిమి. వాదించువాడు వినికిడి మాటను, పరీక్షించిన మాటను వేరుచేయవలెను.

కరువు పని యని మనము పిలుచు ఉపాధి హామీ, 2005 నాటి చట్టమువలన ఏర్పడి, 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమయ్యెను. ఇంటికి ఏటికి 100 దినముల పని యని ఆ చట్టమున నిర్ణయింపబడెను. తెలుగు రాష్ట్రములు రెండును ఒకటిగా నున్నప్పుడు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 157 మండలములలో పెద్ద పరీక్ష జరిపిరి. కొన్ని మండలములలో కూలి డబ్బు వేలిముద్ర కార్డులద్వారా ముందుగను, తక్కిన మండలములలో తరువాతను ఇయ్యబడునట్లు చీటీలు వేసి నిర్ణయించిరి. చెల్లింపు బాగుపడినచోట ఏమయ్యెనో చూచిరి. 2023లో ప్రకటించిన ఫలితము ఇది: బీద కుటుంబముల ఆదాయము పెరిగెను, ఆ పెరుగుదలలో అధికభాగము సర్కారు పనివలన గాక, రైతుల చేలలోను, ఇతర పనులలోను దొరకిన కూలివలన వచ్చెను. బయటి కూలి రేటు పెరిగెను. అయినను జనులు బయటి పని మానలేదు. ఆ పనిదినములు తగ్గుటకు మారు పెరిగెను.

దీనియందు ఇరువురికిని కొంత సత్యము గలదు. కూలి పెరిగెనన్న ఆసామి మాట నిజము. ఆ బరువు ఆయన మీదనే పడినది. జనులు సోమరులైరన్న మాటకు మాత్రము ఆ పరీక్షలో ఆధారము దొరకలేదు. నాట్ల కాలమున మనుష్యులు దొరకరను ఫిర్యాదును ప్రభుత్వమును విన్నది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పాత చట్టము స్థానమున క్రొత్త చట్టము చేసినప్పుడు, విత్తుటకు, కోయుటకు ముఖ్యమైన కాలములలో ఏటికి మొత్తము 60 దినముల వరకు పనులు ఆపునట్లు నిబంధన చేర్చెను. అది కూలివానికి మేలా, కీడా యనునది మీరు చర్చింపదగిన సంగతి.

ఇక ఋణమాఫీ. 2008లో కేంద్ర ప్రభుత్వము చిన్న, సన్నకారు రైతుల బకాయి పంట ఋణములను పూర్తిగ రద్దుచేసెను. ఐదెకరములకు మించినవారికి నూటికి 75 వంతులు కట్టినచో 25 వంతులు తగ్గించెను. గడువునకు తీర్చివేసినవానికి అందులో ఏమియు రాలేదు. ఆ బాధలో నున్నవానికి అది ఊపిరి పోసినమాట నిజమే. కాని మాఫీ ఎక్కువగ జరిగిన జిల్లాలలో తరువాతి ఋణముల వసూలు మందగించెనని పిమ్మట జరిగిన పరిశోధనలో తేలినది. సంఘములు నిలుచునది తిరిగి వచ్చు సొమ్ముమీదనే గనుక, ఇచట ఆసామి వాదమునకు బలము గలదు. కౌలుదారు దీనిని విని, “నేనును ఏడేండ్లు గడువునకే తీర్చితిని” అనెను. ఆ సంగతిలో ఇరువురును ఒకే ప్రక్కన నుండిరి.

5. యూరియా నేర్పు పాఠము

యూరియా మంచిదా, చెడ్డదా యని మమ్ము అడిగిన రైతు ఇంతవరకు లేడు. ఎప్పుడు వేయవలెను, ఎంత వేయవలెను, ఏ చేనికి వేయవలెనని అడుగుదురు. పిలక వేయు దశలో తగినంత వేసినచో పైరు బలియును. పచ్చగ నున్నదని మురిసి మరల మరల కుమ్మరించినచో దుబ్బు మెత్తబడి సుడిదోమ పట్టును. గాలికి చేను పడిపోవును. అసలు వేయకున్నను పైరు గిడసబారును.

సర్కారు సాయమును గూర్చియు ఈ మూడు ప్రశ్నలే యడుగవలెను. ఎప్పుడు? తుపాను మరునాడు అందిన సాయము ప్రాణము. కోతలైన పిమ్మట అందినది అప్పులవాని పాలు. ఎంత? మనిషి తన కాళ్లపై నిలుచువరకు. ఎవరికి? చేను దున్నువాడొకడై, సొమ్ము పుచ్చుకొనువాడు వేరొకడైనచో, అది గట్టున చల్లిన ఎరువు వంటిది. ఇట్లడిగినప్పుడు “ఉచితములు” అను ఒక్క సంచిలో అన్నిటిని కట్టి తిట్టుటయు, పొగడుటయు మానుకొందుము. పసిపిల్ల బియ్యమును, పట్టా గలవాని నగదును, వృద్ధురాలి పింఛనును, ఎగవేసినవాని మాఫీని వేరువేరుగ తూచుట నేర్చుకొందుము.

6. ఈ వాదము మన సంఘముకన్న పాతది

సహకార సంఘమే ఈ వాదమునుండి పుట్టినది. జర్మనీ దేశమున రైఫైజెన్ అను గ్రామాధికారి 1846–47 శీతకాలపు కరువులో కలిగినవారి చందాలతో బీదలకు రొట్టెలిచ్చు సంఘము పెట్టెను. అది ఆకలి తీర్చెను. తరువాత పెట్టిన సంఘములును కలిగినవారి దయమీదనే నడచెను. ఆ దయ చల్లబడినకొలది సంఘములు కృశించెను. దానిని చూచి ఆయన 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో, అప్పు తీసికొనువారే సభ్యులై, ఒకరికొకరు బాధ్యులై యుండు పరపతి సంఘమును స్థాపించెను. చెన్నపట్టణపు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ దొర 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదికలలో ఆ పద్ధతినే మెచ్చుకొనెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను.

గమనింపుడు. రైఫైజెన్ మొదట రొట్టె యిచ్చెను. పిమ్మట సంఘము పెట్టెను. ఆకలిగొన్నవానికి స్వావలంబనమును బోధింపలేదు. కడుపు నిండినవానిని ఎల్లకాలము పంక్తిలో కూర్చుండబెట్టనును లేదు. మన సంఘమో, చట్టముచేత పుట్టి, ప్రభుత్వ ధనముచేత పెరిగినది. అయినను అప్పు కాగితముమీద సర్కారు ముద్రకన్న పొరుగువాని సంతకమునకే విలువ యుంచినది. ఆ సంతకము ఆగినచో తక్కిన సాయమంతయు ఉండియు ప్రయోజనము లేదని 2024 సార్వాలో చూచితిమి గదా.

7. ముగింపు

ఆ మిత్రులు ఏకాభిప్రాయమునకు వచ్చిరా? రాలేదు. బియ్యమునకు కొంత వెల యుండవలెనని ఆసామి ఇప్పటికిని వాదించును. ఆ వెల కట్టలేని నెలలు గలవని కౌలుదారు ఇప్పటికిని జవాబు చెప్పును. కాని 2025 సార్వాకు సంతకమైనది. ఈసారి ఆసామి తానే కలము తీసికొని కౌలుదారు ఇంటికి పోయెను. వరండాలో నన్న మాటను గూర్చి, ఆమె వినునట్లు, “తప్పు మాట యంటిని, చెల్లెమ్మా” అని చెప్పెను. పోయిన 5000 రూపాయలు తిరిగి రాలేదు.

ఆ దినమున నవ్విన మేము గూడ ఆమెను క్షమాపణ వేడితిమి.

సభ్యులు ఈ వాదమునకు దిగునప్పుడు నాలుగు మాటలను జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఒకటి: తన ఖాతాను ముందు విప్పవలెను.

రెండు: ఎదుటివాని మాటను అతడొప్పునట్లు చెప్పి, పిమ్మట జవాబీయవలెను.

మూడు: ఏర్పాటును విమర్శింపవలెను; మనిషిని గాదు. “సోమరి” యను మాట మన అరుగుమీద వినబడరాదు.

నాలుగు: వాదము ఎన్ని యేండ్లు సాగినను సాగవచ్చును, అంతవరకు సంతకము, బోదె నీటి వంతు, ఇచ్చిపుచ్చుకోలు ఆగరాదు.

చర్చకు ప్రశ్నలు

(1) మీ కుటుంబము గత సంవత్సరము ఏయే విధములుగ ప్రభుత్వ సాయము పొందెను? కాలువ నీటిని, ఎరువును, వడ్డీని మరువక వ్రాయుడు.

(2) వానిలో ఏది లేకున్నను మీరు నిలువగలరు? ఏది లేనిచో నిలువలేరు?

(3) మీ గ్రామమున భూమి దున్నువారెందరు, పట్టా గలవారెందరు? సాయము ఎవరికి చేరుచున్నది?

(4) గడువునకు అప్పు తీర్చు సభ్యుని మన సంఘము ఏ విధముగ గౌరవింపవచ్చును?

(5) మాట పట్టింపువలన మీరు ఆపిన సంతకము గాని, నీటి వంతు గాని యున్నదా? ఈ ప్రశ్నకు సభలో జవాబు చెప్ప నక్కరలేదు. ఇంటికి పోవు దారిలో తీర్చుకొనినను చాలును.